బుటెంబోలో చనిపోయిన మన జవాన్ల కేసు ఏమైంది, మంత్రి గారూ?

గౌరవనీయులైన కేంద్ర మంత్రి గారికి కడప జిల్లా నుంచి ఒక మాజీ సైనికుడి నమస్కారాలు.

ఇది నాలుగో ఉత్తరం సార్. ముందు పంపిన మూడు అర్జీలకు జవాబు లేదు. అందుకే నలుగురూ చదివేటట్టు రాస్తున్నా.

2022 జులై 26న కాంగోలోని బుటెంబోలో ఐక్యరాజ్యసమితి క్యాంపు మీదికి జనం ఎగబడ్డప్పుడు, అక్కడ శాంతి సేనలో ఉన్న మన బీఎస్ఎఫ్ వాళ్లు ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. శాంతి సైనికుల్ని చంపినవాళ్లకు శిక్ష పడాలని భద్రతా మండలిలో 2589 తీర్మానం చేయించింది మనమే, 2021 ఆగస్టులో, మన అధ్యక్షతలోనే. ఏడాది తిరక్కముందే ఈ ఘోరం. ఎవర్నైనా పట్టుకున్నారా, విచారణ ఎంతవరకు వచ్చింది, దయచేసి చెప్పండి సార్.

అక్కడి జనం కోపం కూడా నాకు తెలుసు. 2012 నవంబరులో ఎం23 అనే తిరుగుబాటు దళం వాళ్లు తూర్పు కాంగోలోని గోమా నగరాన్ని పట్టుకున్నప్పుడు నేను ఆ వైపే ఐక్యరాజ్యసమితి డ్యూటీలో ఉన్నా. కాంగో సైన్యం వెనక్కి పోయింది, మేమున్నాం, మా బండ్లున్నాయి, అయినా ఊరు పోయింది. మా క్యాంపు ముళ్లకంచె దగ్గర ఒకామె వచ్చి నిలబడింది, నెత్తిన పరుపు చుట్ట, వీపున బిడ్డ, చేతిలో పసుపుపచ్చ నీళ్ల డబ్బా. ఆమె ఏమడుగుతోందో భాష రాకపోయినా అర్థమైంది. డబ్బా నింపి ఇచ్చాను, అంతకుమించి ఏమీ చేయలేకపోయాను, ఆ ముఖం ఇప్పటికీ మరిచిపోలేదు.

మా ఫ్యాక్షన్ ఊళ్లలో పోలీస్ పికెట్ చూస్తూ పెరిగినవాణ్ని. పికెట్ ఉంటే రాత్రి కంటికి కునుకు పట్టేది, నిజమే. కానీ కేకలు వినపడినా గడప దాటని పికెట్‌ను ఏ ఊరు నమ్ముతుంది?

అట్లని అంతా వృథా అనను. 2007లో మన మహిళా పోలీసులు లైబీరియాకు పోయారు, 2018లో అక్కడి ఐక్యరాజ్యసమితి మిషన్ పని ముగించుకుంది. కాంగోలోనూ 2013లో ఎదురుదాడి చేసే అధికారంతో ఒక బ్రిగేడ్‌ను దించాక, అదే ఎం23 ఆ ఏడాదే ఓడిపోయింది. 2025 జనవరిలో గోమా మళ్లీ వాళ్ల చేతికి పోతుంటే టీవీ ముందు కూర్చుని అన్నం తినలేకపోయాను సార్.

బుటెంబో కేసు సంగతి పార్లమెంటులో చెప్పండి. మన పిల్లల్ని పంపేముందు వాళ్లకు ఏ అధికారం ఇస్తారో రాతపూర్వకంగా తేల్చుకోండి. మా వీధిలో పిల్లోడు వచ్చే నెల దక్షిణ సూడాన్‌కు పోతున్నాడు. "ఏం కాదు కదన్నా?" అని వాళ్లమ్మ రోజూ అడుగుతోంది. ఆమెకు ఏం చెప్పమంటారు?