డిసెంబరు 7కి ముందు ఆ ట్రంకుపెట్టె ఒకసారి తీయండి

తల్లిదండ్రులకు నమస్కారం.

డిసెంబరు వస్తోందంటే మన విశాఖ పిల్లల నోట నేవీ మాటే. కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి చూశాం, బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' దగ్గర ఫొటో దిగాం అని చెబుతారు. ఆ స్మారకం దేనికి కట్టారని అడిగితే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు.

1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన హార్బర్‌కు దగ్గరలోనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయింది. అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. అదే నెల 9న డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీ మునిగింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దాంతోపాటే వెళ్లిపోయారు. ఈ రెండు సంగతులూ ఒకే పీరియడ్‌లో చెప్పమని సోషల్ టీచర్లతో అన్నాను. గెలుపు ఒక్కటే చెబితే పిల్లలు యుద్ధాన్ని క్రికెట్ మ్యాచ్‌లా వింటారు.

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి జరుగుతోంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా ఇచ్చి, వచ్చిన విరాళాన్ని సైనిక కుటుంబాలకు, మాజీ సైనికులకు ఖర్చు పెడతారు. డబ్బు ఇవ్వడం మీ ఇష్టం, బలవంతం లేదు. నేను అడిగేది వేరే. మన స్కూల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో తాతో, ముత్తాతో, చిన్నతాతో మిలటరీలో చేసినవాళ్లే. అటక మీద నల్ల ట్రంకుపెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు. లోపల డిశ్చార్జి బుక్కు, ఓ ఫొటో, ఒకటో రెండో పతకాలు. పిల్లలతో కలిసి ఒక ఆదివారం దాన్ని తీయండి. తెలిసిన సంగతులు పిల్లలతో ఒక పేజీ రాయిస్తే, 7న స్కూల్లో ప్రదర్శనకు పెడదాం.

పతకం అంచును మంచి వెలుతురులో తిప్పి చూడండి. చాలావాటి మీద సర్వీసు నంబరు, పేరు చెక్కి ఉంటాయి. మెరవాలని చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పూర్వీ స్టార్ ఉంటే 1971లో తూర్పున, అంటే నేటి బంగ్లాదేశ్ వైపు పనిచేశారని అర్థం. పశ్చిమీ స్టార్ అయితే పడమటి సరిహద్దు. సమర సేవా స్టార్ 1965 యుద్ధానిది, ఆపరేషన్ విజయ్ స్టార్ కార్గిల్‌ది. పాత ఉత్తరాలుంటే అడ్రసు చూడండి: 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అంటే పడమర, 99 ఏపీవో అంటే తూర్పు. ఊరి పేరు రాయకూడదు కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలిసింది ఆ అంకె ఒక్కటే.

రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లి తిరిగిరాని ముత్తాతల గురించి కూడా వెతకొచ్చు. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేర్లు ఉచితంగా దొరుకుతాయి. చాలాచోట్ల తండ్రి పేరో, భార్య పేరో, ఊరో కూడా రాసి ఉంటుంది. స్పెల్లింగ్ చిత్రంగా ఉంటుంది, జిల్లాను 'విజగపటం' (Vizagapatam) అని కొట్టి చూడండి. స్వాతంత్ర్యం తర్వాత అమరులైనవారి పేర్లు ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగ చక్రం గోడల మీద ఉన్నాయి.

తుపాకీ పట్టినవాళ్లే కావాలని లేదు. లారీ నడిపినవారు, వంట చేసినవారు, వంతెనలు కట్టి మందుపాతరలు తీసిన మద్రాస్ సాపర్స్, అందరూ లెక్కే. ఇంటి దగ్గర ఉన్నవారు కూడా. నిరుడు ఏడో తరగతి అమ్మాయి వాళ్ల నాయనమ్మను అడిగి రాసుకొచ్చింది. భర్త 1971లో ఆర్మీ డ్రైవరు, రెండు నెలలు ఉత్తరం లేదు. పోస్ట్‌మాన్ సైకిల్ బెల్ వినిపిస్తే ఆవిడ ఎదురెళ్లేది కాదట, పెరట్లోకి వెళ్లిపోయేదట, టెలిగ్రామ్ తెచ్చాడేమోనని. ఆ తాతగారు క్షేమంగానే వచ్చారు. నలభై ఏళ్లు ఆయనకు కూడా ఆ మాట చెప్పలేదట! ఇలాంటివి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు, అడిగితేనే వస్తాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు జనం మూటాముల్లె సర్దుకుని ఊరు ఖాళీ చేశారు. మీ పెద్దవాళ్లు ఆ కబుర్లు చెప్పి ఉంటే అవీ రాయించండి.

అడిగేటప్పుడు మాత్రం కాస్త చూసుకోండి. కొందరు ఆ రోజుల గురించి మాట్లాడరు. "ఎంతమందిని చంపావు తాతా" అని పిల్లలు టక్కున అడిగేస్తారు, ముందే చెప్పి ఉంచండి. ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, రాయాలా వద్దా అన్నది పూర్తిగా మీ నిర్ణయం. ఇప్పుడు సర్వీసులో ఉన్నవారి యూనిట్, పోస్టింగ్ వివరాలు దయచేసి పంపొద్దు. దీనికి ప్రైజులు లేవు, మార్కులూ లేవు. ఎవరి తాత గొప్ప అన్న పోటీ నాకు అక్కర్లేదు.

మా ఇంట్లో మిలటరీవాళ్లు లేరే అని పిల్లలు బెంగపడితే, వీధిలో వాకబు చేయండి. మన గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మాజీ సైనికుడని సగం మంది పిల్లలకు తెలియదు. ఆయన్ను అడిగాను, మాట్లాడతానన్నారు.

అసలు పతకాలు, కాగితాలు స్కూలుకు పంపకండి. ఫోన్‌లో ఫొటో తీసి, పిల్లలు రాసిన ఒక పేజీతో పాటు నవంబరు 30 లోగా క్లాస్ టీచర్‌కు వాట్సాప్ చేయండి. 7న పొద్దున పదింటికి ప్రదర్శన. మెట్లెక్కలేని పెద్దవాళ్ల కోసం కింది హాల్లోనే కుర్చీలు వేయిస్తున్నాం. ఆటో గేటు లోపలిదాకా రావచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని