గొంతు బాధకు తెలుగులో ఒక కాగితం: గజపతి జిల్లా ముఖ్య వైద్యాధికారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. గొంతు బొంగురుపోయినా, ఏదో అడ్డుపడ్డట్టున్నా ఒడిశాలోని పర్లాకిమిడి తెలుగువాళ్లం జలుబనుకుని సిరప్ తాగేస్తాం. కడుపులో ఆమ్లం గొంతుదాకా ఎగదన్నినా ఇలాగే ఉంటుందనీ, ఛాతీలో మంట లేకుండానే రావచ్చనీ చాలామందికి తెలియదు. దీనికి డాక్టరు రాసే గ్యాస్ మాత్ర (పాంటోప్రజోల్ లాంటి, ఆమ్లం ఊరడాన్ని తగ్గించేది) పరగడుపున, తిండికి అరగంట ముందు వేసుకోవాలి. మావాళ్లు తిన్నాక వేసుకుని, వారానికే మానేస్తారు. గొంతు కుదుటపడటానికి 2-3 నెలలు పట్టొచ్చు కదా!

ఓపీ దగ్గర ఒడియాతోపాటు తెలుగులోనూ కాగితం పంచండి. రాత్రి భోజనానికీ పడకకూ 3 గంటల ఎడం (పెళ్లిళ్ల రోజుల్లో ఎవరు వింటారో గానీ), మంచం తలవైపు కోళ్ల కింద 6 అంగుళాల ఎత్తు అని రాయించండి. దిండ్లు పేర్చితే పొట్ట మడతపడి ఇంకా ఎగదన్నుతుంది.

4 వారాలైనా బొంగురు తగ్గకపోతే, లేదా తిండి మింగుడుపడకపోతే ఈఎన్‌టీ పరీక్ష తప్పదన్నది మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి. పొగాకు అలవాటున్నవాళ్లకు మరీను.

ఇట్లు,
పర్లాకిమిడి వాసి