ఒక కాలికి షూ, ఒక కాలికి చెప్పు

ప్రియమైన తల్లిదండ్రులకు,

పోయిన సోమవారం పొద్దున గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఒకటో తరగతి పాప ఒకతి ఒక కాలికి షూ, ఇంకో కాలికి చెప్పుతో బండి దిగింది. వాళ్ళమ్మ హెల్మెట్ కూడా తీయకుండా "మేడమ్, ఏమీ అనకండి, రెండోది ఎంత వెతికినా దొరకలేదు" అంది. నేనేం అంటాను? మా అబ్బాయి చిన్నప్పుడు సెలవు రోజున వాడికి యూనిఫాం వేసి బడికి తీసుకెళ్ళి, తాళం వేసిన గేటు ముందు నిలబడి, ఇవాళ అందరూ ఆలస్యంగా వస్తున్నారేంటి అని ఆశ్చర్యపోయిన మనిషిని నేను.

ఈ నెల ఆటల పోటీల గురించి రాయాలి అసలైతే. అది వచ్చే నెల చూద్దాం.

ఆఫీసుకు వచ్చి నాతో మాట్లాడే తల్లిదండ్రుల్లో చాలామంది చెప్పేది ఒకటే, "మా వాడు చెప్పిన మాట వినడు మేడమ్". సరే, ఏం చెప్పారని అడుగుతాను. "లేచి పళ్ళు తోముకుని, యూనిఫాం వేసుకుని, డైరీ బ్యాగులో పెట్టుకుని, షూస్ వేసుకుని రా అన్నాను." ఒక్క గుక్కలో అయిదు పనులు! అయిదేళ్ళ పిల్లవాడి బుర్రలో వాటిలో రెండు నిలుస్తాయి, మహా అయితే మూడు. మిగతావి వాడు వినకపోవడం కాదు, విని మర్చిపోవడం, అందుకే మీరు వెళ్ళి చూసేసరికి బాత్‌రూమ్‌లో సబ్బు నురగతో ఆడుకుంటూ దొరుకుతాడు. మా టీచర్లు ఒక పని చెప్పి, అది అయ్యాకే రెండోది చెబుతారు. బడిలో ఇది తేలిక, ఎందుకంటే మాకు అదే ఉద్యోగం. మీకేమో అదే సమయానికి స్టవ్ మీద ఏదో పొంగుతుంటుంది, ఫోన్ మోగుతుంటుంది, చిన్నది ఏడుస్తుంటుంది. అందుకే బ్యాగు, షూస్, ఐడీ కార్డు రాత్రే తలుపు దగ్గర పెట్టించండి, పొద్దున చెప్పాల్సిన పనుల్లో కనీసం రెండు తగ్గుతాయి. "అయిదు నిమిషాల్లో బయల్దేరాలి" అనే మాట కూడా గడియారం చూడటం రాని పిల్లల దగ్గర పనిచేయదు. "ఈ బొమ్మకి రంగు వేయడం అయిపోగానే వెళ్దాం" అంటే అర్థమవుతుంది.

నిద్ర సంగతి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకు 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. పొద్దున ఆరున్నరకు లేవాల్సిన అయిదేళ్ళ పాప, పగలు పడుకోని పిల్లయితే, రాత్రి ఎనిమిదిన్నరకల్లా నిద్రపోవాలన్న మాట. కానీ మీలో కొందరు ఇల్లు చేరేదే ఎనిమిదికి! పొద్దుననగా చూసిన నాన్న అప్పుడే వస్తే ఏ పిల్ల పడుకుంటుంది? ఈ లెక్క ఎలా సరిపోతుందో నాకూ తెలియదు. పడుకునే వేళను ఒకేసారి గంట ముందుకు జరపాలని చూస్తే మాత్రం కుదరదు, రెండు మూడు రోజులకోసారి పదిహేను నిమిషాల చొప్పున జరిపిన ఇళ్ళలో కుదిరింది.

ఇంకో ఫిర్యాదు. బడిలో బంగారుకొండ, ఇంటికొచ్చాక రాక్షసి. టీచర్ "చాలా బుద్ధిమంతురాలండీ" అంటే, ఎవరి పిల్ల గురించి మాట్లాడుతున్నారా అని తల్లి అనుమానంగా చూస్తుంది. ఆరేడు గంటలు వరుసలో నిలబడి, మాట్లాడొద్దంటే ఊరుకుని, తన వంతు కోసం ఆగి ఆగి వచ్చిన పిల్ల అది. ఆ బిగపట్టినదంతా మీ దగ్గరే వదులుతుంది, మీరు తనని వదిలేయరని తెలుసు కాబట్టి. అప్పుడే "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని మొదలుపెట్టకుండా ఏదైనా తిననిచ్చి, ఓ అరగంట వదిలేయండి.

జ్వరం సంగతి కూడా. పొద్దునే మందు వేసి పంపిస్తే మధ్యాహ్నానికి మందు ప్రభావం పోయి జ్వరం మళ్ళీ వస్తుంది, మేం ఫోన్ చేస్తాం, మీరు మీటింగ్ మధ్యలోంచి పరుగెత్తుకు రావాలి. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపండి. చిన్న పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే, ప్రతిసారీ సెలవు అడగడం ఎంత ఇబ్బందో తెలిసే చెబుతున్నాను.

ఇక మా తప్పు. రాత్రి తొమ్మిదిన్నరకు "రేపు ఆకుపచ్చ చార్టు, పాత అట్టపెట్టె తీసుకురావలెను" అని మెసేజ్ పెట్టింది మా బడే, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ వేళప్పుడు చార్టు ఎక్కడ దొరుకుతుంది? వచ్చే సోమవారం నుంచి ఏది తెమ్మన్నా మూడు రోజులు ముందే చెబుతాం, సాయంత్రం ఆరు దాటాక ఏ మెసేజూ పంపం. మా టీచర్ ఎవరైనా పొరపాటున పంపినా ఆ వస్తువు తేలేదని పిల్లల్ని ఒక్క మాట అనరు. ఆలస్యంగా వచ్చిన చిన్న తరగతుల పిల్లల్ని కూడా గేటు దగ్గర నిలబెట్టం, వాళ్ళు బండి నడపరు కదా.

పోయిన వస్తువులు ఆఫీసు బయట బల్ల మీద పెట్టాం. నీళ్ళ సీసాల మూతలు ఆరు (సీసాలు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి), రెండు స్వెట్టర్లు, ఒక కళ్ళజోడు. కుడికాలి షూ కూడా ఒకటుంది, సోమవారం నాటి పాపదేమో అని చూశాం, సైజు కుదరలేదు. ఎవరిదో శుక్రవారం లోపు వచ్చి తీసుకెళ్ళండి.

మీ
హెడ్‌మిస్ట్రెస్