తేలినీలాపురం చెట్లతో పాటు తంపరనూ కాపాడండి

రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల కేంద్రం గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా టవరు, రోడ్డు, పార్కు దగ్గరే మాట ఆగిపోతోంది. అవీ కావాల్సిందే. ఆ చెట్లను ఊరివాళ్లు కళ్లలో పెట్టుకుని చూసుకుంటున్నారు. కానీ పక్షులు అక్కడ గూళ్లు పెట్టుకుంటాయి గానీ, తిండికి నౌపడ తంపర మీద, అంటే సముద్రపు పోటు నీళ్లు వచ్చిపోయే చిత్తడి నేల మీద పడాల్సిందే. ఈ లేఖ ఆ తంపర గురించి.

ఇక్కడ గూళ్లు పెట్టే ఎర్రకాళ్ల కొంగ (పెయింటెడ్ స్టార్క్) వేటాడే తీరు మీరు ఒక్కసారి చూడాలి. మోకాలి లోతు కూడా లేని నీళ్లలో దిగి, ముక్కు సగం తెరిచి ముంచి, తల అటూ ఇటూ తిప్పుతూ నడుస్తుంది. చేపను కంటితో వెతకదు. ముక్కు మధ్య ఏదైనా తగిలిందా, టక్కున మూసేస్తుంది. అందుకే నీళ్లు బురదగా ఉన్నా దానికి ఫర్వాలేదు, లోతు ఉంటే మాత్రం పనికిరాదు. పోటుకి క్రీకులోంచి, అంటే సముద్రపు పాయలోంచి ఎక్కొచ్చి, పాటుకి దిగిపోయే తంపరలో సరిగ్గా అలాంటి నీళ్లే ఉంటాయి.

మా వైపు వీటిని సైబీరియా పక్షులనేస్తారు. నిజానికి గూడబాతులైనా (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలైనా మన దక్షిణాసియా పక్షులే. చలికి వచ్చి పోయే చుట్టాలు కావు, పిల్లల్ని పొదిగేదే ఇక్కడ. ఇక్కడ తిండి పోతే తిరిగి వెళ్లడానికి వాటికి వేరే దేశం లేదు.

2021-22 చలికాలంలో తేలినీలాపురంలో గూడబాతులు చచ్చి పడ్డాయి. నులిపురుగులే కారణమన్నారు. అవి చేపల్లోంచి ఎక్కుతాయి. చెట్ల చుట్టూ కంచె ఎంత గట్టిగా కట్టినా దాన్ని ఆపలేం కదా!

తంపరంటే పనికిరాని బీడు అన్న లెక్కతోనే అప్పట్లో కాకరాపల్లి దగ్గర థర్మల్ ప్లాంటు తలపెట్టారు. 2011 ఫిబ్రవరి 28న కాల్పుల దాకా వెళ్లింది, మనుషుల ప్రాణాలు పోయాయి. ఇప్పుడు మూలపేట పోర్టు వస్తోంది. పోర్టు వద్దనడం లేదు. మా పిల్లలు వలస పోకుండా ఇక్కడే పని దొరకాలి. దాని వెనకాల వచ్చే రోడ్లు, గోడౌన్లు తంపరను పూడ్చుకుంటూ పోతాయేమోనన్నదే నా టెన్షన్. మట్టి పోసి నీళ్ల దారి ఇరుకు చేసినా చాలు, పోటు నీళ్లు లోపలికి రావడం తగ్గిపోతుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం, స్థానికులతో మాట్లాడి ప్రభుత్వ భూమిని కన్జర్వేషన్ రిజర్వ్‌గా, అంటే రక్షిత ప్రాంతంగా ప్రకటించవచ్చు. తంపరలో మిగిలిన ప్రభుత్వ భూమి విషయంలో ఆ పని చేయండి. చేపలు పట్టుకునేవాళ్లకీ ఉప్పు రైతులకీ ఉన్న హక్కులు పోవని కాగితం మీద రాసివ్వండి, లేకపోతే ఎవరూ నమ్మరు. మడ చెట్ల పెంపకానికి కేంద్రం 2023లో మిష్టి పథకం తెచ్చింది. క్రీకు గట్లకు దాన్ని వాడుకోవచ్చు.

అన్నిటికంటే ముందు సర్వే కావాలి. సెప్టెంబరులో పక్షులు దిగేలోపు రెవెన్యూ, అటవీ సిబ్బందితో కలిపి హద్దు రాళ్లు పాతించి, ఆ మ్యాపును టెక్కలి, సంతబొమ్మాళి తహసీల్దారు ఆఫీసుల గోడలకు అంటించమని ఆదేశించండి.

ఇట్లు,
టెక్కలి ప్రాంతవాసి