బుజ్జికి, నీ బొమ్మల పుస్తకం గురించి

చి. బుజ్జికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం తెలియజేయగలవు. ఈ చివరి ముక్క మాటవరసకి రాసింది కాదు, గమనించు.

నీ పుస్తకం నమూనా తీరిగ్గా చూశాను. కథ బాగుంది. పొట్టైపోయిన నీలం స్వెటర్ని ఆ పిల్ల తనే విప్పి, ఆ ఊలుతో చుట్టుపక్కల వాళ్ళకి అల్లిపెట్టడం చిన్నపిల్లలకి ఇట్టే ఎక్కుతుంది. వాసు ఏదో అన్నాడని కామేశ్వరి పిన్ని ఫోన్ చేసింది. దాని సంగతి తర్వాత. నేను రాస్తున్నది బొమ్మల గురించి.

స్వెటర్ విడిపోయే బొమ్మ తప్పు. దారం ముళ్ళకంపకి తగులుకుని, పిల్ల నడిచినకొద్దీ కింది అంచు నుంచి పైకి విడిపోతున్నట్టు వేశావు. కింది అంచు దగ్గర మొదలుపెట్టి మెడ దాకా అల్లిన స్వెటర్ మెడ వైపు నుంచే విడుతుంది. అల్లిక మొదలుపెట్టడానికి సూది మీద కుట్లు ఎక్కించిన అంచు అంత తేలిగ్గా జారదు. ముల్లుకి తగులుకుంటే ఒక కుట్టు బయటికి సాగి, దాని పక్కవి బిగుసుకుంటాయి, అంతే. ఆ బొమ్మ వదులుకోలేనంటావా, స్వెటర్ని మెడ నుంచి కిందికి అల్లినట్టు కథలో ఒక్క ముక్క వెయ్యి. అప్పుడు కింది అంచే ఆఖరి వరుస, అక్కడ ముడి ఊడితే దారం వరసగా వచ్చేస్తుంది. ముందు, వెనక, చేతులు విడివిడిగా అల్లి కలిపి కుట్టినదైతే ఆ అతుకులు ముందు విప్పాలి. మిషన్ మీద అల్లిన గుడ్డని కత్తిరించి కుట్టిన స్వెటర్ అయితే అసలు పనికిరాదు. ప్రతి వరుస అంచు దగ్గర తెగి ఉంటుంది కనక చేతికి అన్నీ తుంటదారాలే వస్తాయి.

విప్పిన వెంటనే నున్నటి ఉండ చుట్టేశావు. విప్పిన ఊలు మెలికలు మెలికలుగా ఉంటుంది, అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా పడతాయి. కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, తీసి, గోరువెచ్చని నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టాలి. మెలిపెట్టి పిండకూడదు. తువ్వాలులో పెట్టి అదిమి, నీడలో వేలాడదీయాలి. వేడినీళ్ళు పోసి సబ్బుతో రుద్దితే ఊలు పోగులు ఒకదానికొకటి పట్టుకుని, కుంచించుకుపోయి చాపలా అవుతుంది. మెలికల ఊలంటే పిల్లలకి సరదాగా ఉంటుంది, దానికి ఎదురెదురు పేజీలు రెండూ ఇచ్చెయ్యి. మధ్య మడత మీద మాత్రం దారాన్ని మెలిక తిప్పకు. ఆ చోట తిన్నగా దాటించు. బైండింగులో వెంట్రుకవాసి జరిగినా తెగిన దారంలా కనిపిస్తుంది.

రాత్రిళ్ళు ఎంతసేపు కూర్చుంటున్నావు? దీపం ఎడమ పక్కన పెట్టుకో, కుడిచేతి నీడ కాగితం మీద పడకుండా ఉంటుంది. ఇంతకీ వాసు చెప్పిందేమిటంటే... సరే, ఊలు లెక్క అయ్యాక.

అయిదేళ్ళ పిల్ల స్వెటర్‌కి మధ్యరకం ఊలు, 4 మిల్లీమీటర్ల సూదుల మీద, సుమారు 250 గ్రాములు పడుతుంది. దాంతో నీ పిల్ల అల్లినవి చూడు: పుట్టిన పాపకి టోపీ, తోటమాలికి చేతి తొడుగులు, బడిపిల్లాడికి మఫ్లరు, ఇంకో ఇద్దరికి టోపీలు, చివర్న దుప్పటి! పసిపాప టోపీకి 25 గ్రాములు, పెద్దవాళ్ళ తొడుగుల జతకి 60, పిల్లాడి మఫ్లరుకి 100 వేసుకో. 185 అయ్యాయి. మిగిలిన 65లో విప్పేటప్పుడు తెగినవీ ముడులు పడినవీ పోతాయి. చిన్న దుప్పటికే 300 గ్రాములు దాటుతుంది, అది ఎక్కణ్ణుంచి వచ్చింది? అక్షయపాత్ర కథ కాదుగా ఇది. నువ్వు ఊలు అయిపోతుందని చెప్పే కథ రాస్తున్నావు. అయిపోయే వస్తువుని పంచితేనే ఆ పంచడానికి విలువ. దుప్పటి తీసెయ్యి. ఆ ఇంకో ఇద్దరి టోపీలూ తీసెయ్యి. 32 పేజీల్లో పేరు పేజీ, హక్కుల పేజీ పోను నీకు దక్కేవి ఎదురెదురు పేజీల జతలు పద్నాలుగు, వాటిలో ఇంతమంది ఎలాగూ ఇరుక్కుంటున్నారు.

పిన్ని చెప్పింది ఇది: నువ్వు నీ పుస్తకం పక్కన పెట్టేసి, ఆ స్నేహితురాలి పుస్తకానికి రాత్రిళ్ళు రంగులు వేసిపెడుతున్నావట, వాసు చూశాడట. నేను అడగడం లేదు. నీ ఇష్టం. వాసుకి గోరంతలు కొండంతలు చేసే అలవాటు ఉండనే ఉంది. కానీ నమూనా పంపాక నీ నుంచి ఒక్క ముక్క లేదు కనక ఏది నమ్మాలో తెలియడం లేదు.

పెంగ్విన్ల సంగతి నీకు తెలుసా? తెలిసినా విను. ఆస్ట్రేలియాలో విక్టోరియా తీరాన ఫిలిప్ ఐలాండ్ అని ఉంది. అక్కడివి బుల్లి పెంగ్విన్లు, ఎత్తు 33 సెంటీమీటర్లు, బరువు కిలో అటూ ఇటూ. సముద్రంలో చమురు ఒలికితే వాటి ఈకలు అంటుకుపోయి, చన్నీళ్ళు ఒంటికి తగులుతాయి. చలికి వణుకుతూ ముక్కుతో ఈకలు సవరించుకుంటాయి. అప్పుడు ఆ చమురు లోపలికి పోతుంది, విషం. అందుకని కడిగేదాకా వాటికి ఊలు స్వెటర్ తొడుగుతారు. వెచ్చదనం ఒకటి, ముక్కు ఈకలకి తగలకపోవడం ఇంకొకటి. 2001లో అక్కడ చమురు ఒలికినప్పుడు 438 పెంగ్విన్లు దాని పాలబడితే, 96 శాతం కోలుకుని మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాయి. ఈ కబురు తెలిసి దేశదేశాల నుంచి స్వెటర్లు వచ్చిపడ్డాయి, అవసరానికి ఎన్నో రెట్లు. వాళ్ళు అడిగింది అచ్చమైన ఊలుతో, వాళ్ళిచ్చిన కొలతకి అల్లినవి. ఎంత ముద్దుగా ఉన్నా కొలత తప్పింది పక్షికి తొడగలేరు. రెక్కల కన్నం బిగుతైతే ఆడదు, మెడ వదులైతే ముక్కు లోపలికి దూరుతుంది. మిగిలిపోయిన వాటిని బొమ్మ పెంగ్విన్లకి తొడిగి అమ్మి, ఆ డబ్బు పక్షులకే వాడారు. ఎంత తెలివో చూడు! ఎందుకు చెబుతున్నానంటే, నీ పిల్ల ఎవరినీ ఏమీ అడగదు. ఇంటికి పోయి అల్లేసి, తెచ్చి చేతిలో పెట్టేస్తుంది. ఒక్క పేజీలోనైనా టేపు పట్టుకుని పాప తల కొలిచే బొమ్మ ఉండాలి.

పుట్టిన పాప తల సుమారు 35 సెంటీమీటర్లు. టోపీ కాస్త సాగాలి కనక 32, 33కి అల్లుతారు. 10 సెంటీమీటర్లకి 22 కుట్లు పడే చెయ్యి అయితే 72 కుట్లు ఎక్కించాలి, రెండు నిట్ (మామూలు కుట్టు) రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) అంచుకి సరిగ్గా కుదురుతుంది. అదే వదులు చెయ్యి అయి 20 కుట్లే పడితే ఆ 72 కుట్లే 36 సెంటీమీటర్లవుతాయి, టోపీ కళ్ళ మీదకి జారుతుంది. అందుకే ముందు చిన్న ముక్క అల్లి కొలవమనేది. పసివాళ్ళ వాటికి మెడ కింద కట్టే తాళ్ళు పెట్టొద్దు, గుండీలు పెట్టొద్దు, వేళ్ళు ఇరుక్కునే జాలీ అల్లిక అసలే వద్దు. నీ బొమ్మలో తాళ్ళున్నాయి, చెరిపెయ్యి.

ఇంకో పేజీ నాకు నచ్చలేదు. అందరికీ ఇచ్చేసి పిల్ల ఒంటి మీద ఏమీ లేక వణుకుతూ నవ్వుతుంటుంది చూడు, అది. ఇచ్చేవాళ్ళు వణకాలని పిల్లలకి ఎందుకు చెప్పడం? లెక్క ప్రకారం ఇంకో టోపీకి ఊలు మిగులుతుంది, పిల్ల తలది 50 గ్రాములలోపే. అది తనకే అల్లుకోనీ. ముందు తన టోపీకి ఎత్తిపెట్టుకుని ఆ తర్వాత పంచితే దాన్ని పిసినారితనం అనరు. స్నేహితురాలు అడగ్గానే తన పని ఆపేసుకునే వాళ్ళు కూడా ఈ పేజీ ఓసారి చూసుకుంటే మంచిది. ఉపన్యాసం అనుకోకు.

సూదులు కూడా. గుండ్రటి తలకాయలు బయటి వైపు, మొనలు మధ్యలో కలుసుకోవాలి. నువ్వు తిరగేశావు. కుట్లు సూది మీద ఉంటే అల్లిక దాని కింద వేలాడాలి, ఉండ నుంచి వచ్చే దారం ఆఖరున అల్లిన కుట్టు దగ్గరికి చేరాలి. ఇంకోటి, నీ పిల్లకి నిట్ ఒక్కటే వచ్చంటావు, మఫ్లరు మీద మాత్రం నిలువు వరుసల్లో జడపాయల్లాంటి కుట్లు వేశావు. అటూ ఇటూ తిప్పుతూ నిట్ ఒక్కటే అల్లితే రెండు వైపులా అడ్డంగా గట్లు గట్లుగా వస్తుంది. ఒక మంచి కూడా ఉంది, అలా అల్లిన మఫ్లరు అంచులు చుట్టుకుపోవు.

చూసి వేసుకుంటావని రెండు సూదులు, వాటి మీద 20 కుట్లతో సగం అల్లిన ముక్క, 50 గ్రాముల ఉండ పంపుతున్నాను. సూది మొనలకి రబ్బరు బిరడాలు పెట్టాను, బొమ్మ వేసేటప్పుడు తప్ప తియ్యకు. ఒక కుట్టు జారితే కంగారుపడి లాగొద్దు, పిన్నీసు గుచ్చి ఆపు. ఆ ఉండతో నీకు టోపీ అల్లుకో. ఆ అమ్మాయికి కాదు, నీకు.

పార్సిల్ అందగానే ఫోన్ చెయ్యి. నాన్న అడగడం లేదు గానీ ఫోన్ మోగితే ముందు లేచేది ఆయనే. మెడ వంచి వెయ్యకు, బల్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకో. పార్సిల్ తెరిచేటప్పుడు కత్తెర లోపలికి దించకు, ఊలు తెగుతుంది.

మీ అమ్మ