జపమాల మీద చేయించిన ప్రమాణం

సంపాదకుడు గారికి నమస్కారం.

మా విచారణలో (అంటే మా కథోలిక చర్చి పరిధిలో) ఎన్నికలు దగ్గరపడ్డాయని ముందుగా తెలిసేది ఆదివారం పూజ అయ్యాక గేటు దగ్గర ఆగే కార్లను బట్టే. నాయకులు దిగుతారు, ఫాదర్ గారికి శాలువా కప్పుతారు, ఫోటో దిగి వెళ్లిపోతారు. గుడిలో ప్రచారం చేయకూడదని ఎన్నికల నియమావళిలో ఉంది, గేటు బయట పలకరింపులను ఎవరు ఆపగలరు? దాంతో నాకు పేచీ లేదు.

నా పేచీ మా పెద్దమ్మ విషయంలో. డెబ్బై దాటిన మనిషి, సికింద్రాబాద్‌లో ఒక్కతే ఉంటుంది. పోయినసారి పోలింగుకు రెండు రోజుల ముందు, రోజూ పూజలో కనపడే పెద్దమనిషే ఇంటికొచ్చి కవరు చేతిలో పెట్టి, ఆవిడ జపమాల మీదే చెయ్యి వేయించి, ఫలానా గుర్తుకే వేస్తానని మాట తీసుకున్నాడు. ఆవిడకు ఆ అభ్యర్థి అంటే అసలు గిట్టదు. రాత్రంతా నిద్రలేదు. డబ్బు తీసుకున్నందుకు కాదు (నిజం చెప్పాలంటే దానికి పెద్దగా బాధపడలేదు), మాట తప్పితే పాపసంకీర్తనంలో (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) చెప్పుకోవాలేమోనని టెన్షన్. చివరికి ఇచ్చిన మాట ప్రకారమే వేసొచ్చింది.

ఫాదర్‌ని అడిగి ఉంటే నిమిషంలో తేలేది. 1983 నాటి శ్రీసభ (కథోలిక చర్చి) న్యాయస్మృతిలో 1201వ నియమం ప్రకారం, ప్రజల మేలుకు చేటు చేసే పనికి ప్రమాణం జోడించినా దానికి బలం రాదు. దేశ చట్టం చూసినా ఓటు కోసం డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. ఇక ఎవరికి వేశావని కోర్టు కూడా బలవంతంగా చెప్పించకూడదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. ఇవన్నీ పెద్దమ్మకు ఎవరు చెప్పారు? ప్రసంగంలో వినేది ఒక్కటే, ప్రార్థించండి, మంచివారిని ఎన్నుకోండి. ఫాదర్లు భయపడటంలో అర్థముంది, మతం పేరుతో ఓట్లు అడగడం అక్రమమని 2017లో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది, గురువులు, అంటే ఫాదర్లు, పార్టీల్లో తిరగకూడదని శ్రీసభ నియమమూ ఉంది. కానీ ఆ ప్రమాణం చెల్లదమ్మా, నీ మనస్సాక్షి చెప్పినట్టు వెయ్యి అంటే అది ఏ పార్టీ ప్రచారం?

ఇంకోటి, 'మన ఓట్లు ఇన్ని' అని గంపగుత్తగా లెక్క కట్టే మన పెద్దలు. మా గుడిలో తెలుగు పూజకు వచ్చేవాళ్లకీ తమిళ పూజకు వచ్చేవాళ్లకీ కష్టాలు ఒకటేనా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా దక్కని దళిత క్రైస్తవుడు ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఓటు వేస్తే అది అతని న్యాయం. వాన పడితే ఇంట్లోకి నాలా నీళ్లొచ్చే మనిషికి ఇంకో లెక్క ఉంటుంది. వీళ్లందరి తరఫున మాటిచ్చే హక్కు ఎవరిచ్చారు?

అసలు మనం వేసేదే తక్కువ. 2024 మే 13న హైదరాబాద్, సికింద్రాబాద్ ఎంపీ స్థానాలు రెండింటిలోనూ పోలింగ్ సగం దాటలేదు. అదే రోజు ఆంధ్రలోనూ పోలింగ్ కాబట్టి మా తెలుగు పూజకు వచ్చేవాళ్లలో చాలామంది ఊళ్లకు పోయారు, వాళ్ల సంగతి వేరు. ఇల్లు మారాక ఓటరు జాబితాలో చిరునామా మార్పుకు ఫారం 8 ఇవ్వనివాళ్లు ఎంతమందో. పూజ అయ్యాక టీ ఇచ్చే చోటే ఒక బల్ల వేసి, యువతను కూర్చోబెట్టి, ఓటరు జాబితాలో పేర్లు చూపించండి, చాలు.

ఈసారి ఆ పెద్దమనిషి వస్తే జపమాల బయటికి తీయనని పెద్దమ్మ అంటోంది. కవరు సంగతి అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంది.

ఇట్లు,
ఒక కథోలిక పాఠకుడు, సికింద్రాబాద్