ఈ ఏడాది నువ్వుల నూనె ఎందుకు తగ్గింది: మా వినియోగదారులకు మనవి

మా గానుగ నూనె వాడుతున్న వారందరికీ నమస్కారం. జూన్‌లో ఇస్తామన్న సేంద్రియ నువ్వుల నూనె ఈసారి అందరికీ సరిపోదు. ముందుగా డబ్బు కట్టిన వారిలో సగం మందికే ఇప్పుడు పంపగలుగుతున్నాం. మిగిలిన వారు కోరిన వెంటనే సొమ్ము తిరిగి ఇస్తాం. ఆగుతామన్న వారికి వచ్చే వేసవి పంటలో మొదటి వాటా ఇస్తాం. నెపం ఎండల మీద వేయడం సులువే గానీ, తప్పు విత్తిన తేదీలోనూ వేసిన ఎరువులోనూ ఉంది, ఆ రెండింటికీ సరేనన్నవాడిని నేనే.

మా జగిత్యాల ప్రాంతంలో వేసవి నువ్వులకు జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి మొదటి పక్షం వరకు అదను. అంతకు ముందు విత్తితే చలికి గింజ సరిగా మొలవదు. అదను దాటితే పూత ఏప్రిల్ ఎండలకు చిక్కి, 40 డిగ్రీలు మించిన రోజుల్లో పూలు కాయ కట్టకుండానే రాలిపోతాయి. పంటకాలం 80 నుంచి 85 రోజులు కనుక, ఆలస్యమైన ప్రతి వారమూ కోతను మే నెల గాలివానల వైపు జరుపుతుంది. కోసి కట్టలు నిలబెట్టాక వాన పడితే గింజ రంగు చెడుతుంది. మాకు నువ్వులు పండించే ఐదుగురిలో ముగ్గురు, మొక్కజొన్న కోత జాప్యం కావడంతో, ఫిబ్రవరి చివరి వారంలో విత్తారు. “పదిహేను రోజులకు ఏమైతదన్నా” అని ఒకరు అడిగినప్పుడు వద్దని చెప్పవలసింది. మీ దగ్గర తీసుకున్న సొమ్ము గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఎరువు విషయంలో జరిగిన పొరపాటు ఇంకా పెద్దది. ఎకరాకు నాలుగు టన్నుల బాగా చివికిన పశువుల ఎరువును ఆఖరి దుక్కిలో కలియదున్నాలి. నువ్వు గింజ మరీ చిన్నది. ఎకరాకు రెండున్నర కిలోలు, అవి కూడా మూడింతల ఇసుకలో కలిపితేనే గొర్రులో (విత్తే పనిముట్టులో) సమానంగా పడతాయి. అంత చిన్న మొలకకు మొదటి రోజుల్లోనే నేలలో తిండి సిద్ధంగా ఉండాలి. రెండు చేలల్లో వేసిన ఎరువు సగమే చివికింది. లోపల ఇంకా గడ్డిపోచలు కనిపిస్తున్న పచ్చి ఎరువు కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని తానే లాక్కుంటుంది, కలుపు గింజలనూ వెంట తెస్తుంది. మొక్కలు పాలిపోయాయి. ఆవు పేడ, మూత్రం, బెల్లం వంటివి కలిపి పులియబెట్టే జీవామృతం రెండుసార్లు పారించాం, కానీ అది నేలలోని సూక్ష్మజీవులకు ఊతమిచ్చేదే తప్ప ఎరువుకు బదులు కాదని నాకు బాగా తెలిసొచ్చింది.

ఏప్రిల్‌లో ఆ రెండు చేలల్లో ఒకదానికి వెళ్లినప్పుడు కొన్ని మొక్కల కొసన పూలకు బదులు పచ్చని చిట్టి ఆకుల గుత్తులు కనిపించాయి. అది వెర్రి తెగులు, ఆకుల రసం పీల్చే దీపపు పురుగులు మోసుకొస్తాయి. సోకిన మొక్కకు కాయ రాదు. పీకి పారేయడమే మార్గం. బాగున్న మొక్క నుంచి ఒక కాయ చీల్చి చూస్తే నాలుగు వరుసల్లో రెండు వరుసలు తాలే.

అప్పుడే కాస్త యూరియా వేసి ఉంటే సరిపోయేది కదా అని ఒక వినియోగదారు అడిగారు. వేస్తే ఆ చేను సేంద్రియ జాబితాలోంచి పోతుంది, వార్షిక పంటలకు విధించిన రెండేళ్ల మార్పిడి కాలం (సేంద్రియమని గుర్తింపు రావడానికి ముందు రసాయనాలు లేకుండా సాగు చేయాల్సిన గడువు) మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. పైగా నత్రజని ఎక్కువైతే నువ్వు ఆకు మీద పెరిగి కాయ తగ్గుతుంది.

వచ్చే పంటకు రైతులతో రాసుకునే కాగితంలో రెండు మాటలు చేర్చాం: ఫిబ్రవరి 10 దాటాక విత్తిన చేను నుంచి కొనం, ఎరువు కుప్ప చివికిందో లేదో డిసెంబరులో నేనే తవ్వి చూస్తాను. కుప్పలు ఈ నెలలోనే వేయిస్తున్నాం, అందుకయ్యే ఖర్చు గానుగదే. ఉన్న నూనె ధర పెంచడం లేదు. డబ్బు వెనక్కి కావలసిన వారు ఈ నెలాఖరులోగా చెప్పండి.